నాయిన రాసిన బాయిలర్ పరీక్ష

నా చిన్నప్పుడు మా ఇంట్లో పరీక్షకు చదివేది నేనొక్కదాన్నే కాదు, మా నాయిన కూడా. అప్పట్లో మేము శామీర్‌పేటలో ఉండేవాళ్లం. ఆయన రోజూ సైకిలు మీద మేడ్చల్ దాకా పోయి, ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ పొయ్యికి బొగ్గు వేసేవాడు. ఏళ్ల తరబడి ఆ మంట ముందు నిలబడేసరికి దగ్గు పట్టుకుంది. ఆ పని మానకపోతే ఊపిరితిత్తులు దక్కవని డాక్టరు చెప్పాడు. మానేస్తే మాకు తిండి గడవదు. మిగిలింది ఒకటే దారి. బాయిలర్ నడిపేవాళ్లకు సర్కారు పెట్టే పరీక్ష పాసైతే, పొయ్యి దగ్గర కాకుండా మీటర్ల ముందు కూర్చునే పని ఇస్తారు.

ఆ పరీక్ష నిండా నీళ్లు, ఆవిరి, వేడి, ఒత్తిడి లెక్కలే. బడి వదిలి చాలాకాలమైన మనిషికి అవి ఒక పట్టాన కొరుకుడు పడేవి కావు. సాయంత్రం ఇంటికొచ్చి, స్నానం చేసి, అరుగు మీద పుస్తకం తెరిచేవాడు. కాసేపటికే తల ముందుకు వాలిపోయేది. అమ్మ చూసి కూడా లేపేది కాదు. ఆ నిద్రను చెడగొట్టడానికి మాకెవరికీ మనసొప్పేది కాదు.

నేను పదో తరగతి. ఇంచుమించు అవే పాఠాలు మాకూ చెబుతున్నారు. ఒక సాయంత్రం నాయిన పలక మీద ఒక లెక్క చేస్తూ, తుడుస్తూ, మళ్లీ చేస్తూ కనబడ్డాడు. మూత బిగించిన సిలిండర్‌లో వాయువు ఇరవై ఏడు డిగ్రీల నుంచి యాభై నాలుగు డిగ్రీలకు వేడెక్కితే ఒత్తిడి ఎంత పెరుగుతుందని ప్రశ్న. వేడి రెట్టింపైంది కాబట్టి ఒత్తిడీ రెట్టింపవుతుందని ఆయన రాశాడు. పుస్తకం చివర ఉన్న జవాబు వేరు. తప్పెక్కడుందో నాకు తెలుసు. కానీ కన్నతండ్రికి తప్పని చెప్పడమెలా? నా మొహం చూసి ఆయనే అడిగాడు.

“ఏంది బిడ్డా, గట్ల జూస్తున్నవ్? తప్పయిందా?”

“ముందుగాల డిగ్రీలకు రెండు వందల డెబ్బై మూడు కలపాలె నాయినా. అప్పుడే లెక్క కుదురుతది.”

కోపం చేస్తాడేమోనని భయపడ్డాను. ఆయన పక్కకు జరిగి, నాకు చోటిచ్చి, పలక నా ఒళ్లో పెట్టాడు.

“మొదటి సంది చెప్పు. నాకు రాలే.”

పెద్దవాళ్లలో ఒకరు తమకు రాలేదని ఒప్పుకోవడం నేను అంతకుముందు వినలేదు.

ఆనాటి నుంచి ఆయనకు నేనే పాఠాలు చెప్పాను. మా క్లాసులో ఎవరూ అడగని ప్రశ్నలు అడిగేవాడు. “నీళ్లల్ల ముంచితే రాయి బరువు తక్కువైతదంటివి. మరి గా బరువు యాడికి వోయింది?” అన్నాడొకసారి. నాకు సూత్రం కంఠతా వచ్చు, జవాబు మాత్రం రాలేదు. ఇద్దరం వాకిట్లోని నీళ్ల గోలెం దగ్గరకు పోయి, రాయికి తాడు కట్టి నీళ్లలోకి దింపాం. చేతిలో తాడు తేలికైంది. “కిందికెల్లి ఎవరో ఎత్తి పట్టుకున్నట్టున్నది” అన్నాడు నాయిన. నీళ్లు పైకి నెడతాయన్న సంగతి నాకు నిజంగా అర్థమైంది అప్పుడే.

పరీక్ష రాశాడు. ఫెయిలయ్యాడు.

ఆ సంగతి తెలిసిన రోజు సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ వచ్చాడు. నేను సరిగా చెప్పకపోవడం వల్లే తప్పాడని నాకు ఏడుపొచ్చింది. ఆయన కాళ్లు చేతులు కడుక్కున్నాడు. పచ్చిపులుసు పోసుకుని అన్నం తిన్నాడు. తర్వాత నన్ను పిలిచాడు.

“పుస్తకం తే బిడ్డా.”

“ఫెయిలైతివి గద నాయినా...”

“అయిన. ట్యాంకుల తేలే బంతి ఎంత మునుగుతదని అడిగిండ్రు. సగంల ఆగిపోయిన. గది నాకింకా రాలే. నేర్పు.”

దగ్గు తెర వచ్చింది. అది తగ్గేదాకా ఆగి, మళ్లీ బలపం పట్టుకున్నాడు. ఆ సాయంత్రం అదే లెక్క చేశాం. మళ్లీ తప్పింది. మళ్లీ చేశాం. నన్ను ఓదార్చలేదు, ఈసారి పాసవుతానని శపథమూ చేయలేదు. ఇద్దరం అలసిపోయాం, అంతే.

తర్వాతి సారి పాసయ్యాడు. దగ్గు పూర్తిగా పోలేదు. కానీ మీటర్ల ముందు కుర్చీలో కొన్నేళ్లు నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ పనిచేశాడు.

నేను నర్సు శిక్షణలో తప్పినప్పుడూ, ఆ తర్వాత ఉద్యోగంలో, సంసారంలో చేతకానివి ఎదురైనప్పుడూ నాకు ఆ సాయంత్రమే గుర్తుకొచ్చేది. ఈ వయసులో ఒంట్లో ఓపిక తక్కువ, రానివి ఎక్కువ. ఓడిన రోజున ఇప్పటికీ ముందు అన్నం తింటాను. ఆ తర్వాత, నాకు రానిది ఎవరికి వస్తుందో చూసుకుని, వాళ్లు నాకంటే ఎంత చిన్నవాళ్లయినా సరే, పక్కన కూర్చుని నేర్పమని అడుగుతాను.