జానయ్య జ్ఞాపకార్థం

రింగురోడ్డు వస్తుందట అనగానే బొంగులూరు భూముల ధరలకు రెక్కలొచ్చిన ఏళ్లవి. ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదురుగా అరుణ మూడు పాత కంప్యూటర్లతో ఇంటర్నెట్ సెంటర్ నడిపేది. ఒకరు ఉత్తరం రాసి లేచారో లేదో, తర్వాత కూర్చున్నవాళ్లు దాన్ని తీరిగ్గా చదివేసేవాళ్లు. ఎవరి పెళ్లి ఎవరితో చెడిందో పెళ్లివారి కంటే ముందు సెంటరుకే తెలిసేది.

అది చూడలేక, అమీర్‌పేట కంప్యూటర్ కోచింగులో నేర్చుకున్న విద్యతో ఉత్తరానికి తాళం వేసే చిన్న సాఫ్ట్‌వేర్ రాసింది అరుణ. రహస్యపు మాట తెలిసినవాళ్లకే ఆ ఉత్తరం తెరుచుకుంటుంది. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చని నెట్‌లో పెట్టింది.

ఆ ఏడే ఆమె తండ్రి జానయ్య పోయాడు. దినాలనాడు చుట్టాలు భోంచేసి, చేతులు కడుక్కుంటూ, "కొడుకులు లేకపాయె. జానయ్య పేరు ఈడికే సరి" అన్నారు. తల్లి రుక్కమ్మ తలెత్తలేదు. అరుణకు ఒళ్లు మండింది.

మన దగ్గర బడికి ఫ్యాను ఇచ్చినవాడు రెక్కల మీద పేరు రాయిస్తాడు. గాలి రాకపోయినా పేరు కనిపించాలి. అరుణ కూడా సాఫ్ట్‌వేర్ పేజీ పైన పెద్దక్షరాలతో రాసింది: కీర్తిశేషులు జానయ్య జ్ఞాపకార్థం, దాత: కూతురు అరుణ. కింద ఇంటి నంబరు, ఊరు, ఫోను నంబరు. "మా ఆయన పేరు దేశాలు తిరుగుతున్నది" అని రుక్కమ్మ వాడకట్టంతా చెప్పుకుంది.

ఒకరోజు పొద్దున రాంచంద్ర అనే టెలికాం శాఖ అధికారి పట్నం నుంచి వచ్చాడు. మర్యాదస్తుడే, ఇచ్చిన చాయ్ తాగాడు.

"మేం సుత తెరవలేని గింత గట్టి తాళాన్ని సర్కారు అనుమతి లేకుంట నెట్ల పంచొద్దమ్మా. ఇయ్యాలనే తీసెయ్. లేకుంటె నీ లైను కోస్తరు."

"గిసొంటియి మస్తుగున్నయి గద సార్. నేనే దొరికిన్నా?"

"వాళ్లు అడ్రస్ రాయలే. నువ్వు ఇంటి నంబరు సుత రాసినవ్."

అరుణకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు.

"మరి మా బాపు పేరు?"

"పేరుతోని మాకేం పని? ఉంచుకో."

అతను వెళ్లాక సాఫ్ట్‌వేర్ తీసేసింది. అంత కష్టపడి చేసింది పోతుంటే కొంచెమైనా బాధ పడాలి కదా అనుకుంది. పడలేకపోయింది. ఎవరో కంప్యూటర్ ఖాళీ ఉందా అని అడిగితే ఉందని చెప్పింది.

మధ్యాహ్నం రుక్కమ్మ అన్నం గిన్నె తెచ్చింది. అరుణ జరిగింది చెప్పింది. రుక్కమ్మకు చదువు రాదు. తెర దగ్గరికి వంగి చూసింది.

"బాపు పేరున్నదా?"

"అవ్, ఉన్నదే అమ్మా."

"దాని కింద?"

"మన అడ్రసే. దించుకునెటందుకు ఏం లేదు."

రుక్కమ్మ అన్నం గిన్నె బల్ల మీద పెట్టింది.

"కుండల నీళ్లు లేకుంటె చలివేంద్రానికి పేరెందుకు బిడ్డా? దూపతోని వచ్చినోడు పేరు సూసి తిట్టిపోతడు. మీ బాపును తిట్టియ్యకు. తీసెయ్."

"పేరు పోతదే."

"పోనియ్."

తల్లి పక్కనే నిలబడి చూస్తుండగా, అరుణ తండ్రి పేరు ఒక్కో అక్షరమే చెరిపింది.