మంగమ్మ చేతిలో చేప

అప్పుడే ప్రింటు తీసిన ఫోటో కాగితం వాసన తగిలితే చాలు, నాకు భాస్కరం మాస్టారు గుర్తుకొస్తారు. రాజమహేంద్రవరంలోని నా స్టూడియోలో ఈ ఉదయం కూడా అంతే. ఆయన మా డిగ్రీ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేవారు. ఫోటోగ్రఫీ క్లబ్బును నడిపిందీ ఆయనే.

ఆఖరి ఏడాది, కాలేజీల మధ్య జరిగే పోటీకి క్లబ్బులోని మా ఆరుగురికీ కలిపి ఒక ప్రాజెక్టు ఇచ్చారు. అంశం గోదావరి. వంతెన వెనక సూర్యాస్తమయం తీసేస్తే సరిపోతుందని మేం సంబరపడుతుంటే, "అది ఫోన్ ఉన్న ప్రతివాడూ తీస్తాడమ్మా. నది కనపడకూడదు, గోదావరి మాత్రం ఉండాలి. వెళ్ళి వెతకండి" అన్నారు. నెల రోజులు కాళ్ళరిగేలా తిరిగాం. ఒకడికి గోడ మీద వరద మరక దొరికింది. నాకు చేపల మార్కెట్లో మంగమ్మ దొరికింది. తాజాదో కాదో చూసుకోమని, కొనేవాళ్ళ ముందు బొచ్చె చేప ఎర్రటి మొప్ప ఎత్తి చూపిస్తోంది. అడిగే తీశాను. ఫోటోలన్నీ నలుపు తెలుపుల్లోనే ఉండాలని మేం ముందే అనుకున్నాం కాబట్టి అలాగే ప్రింటు తీయించాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, దాన్ని చూసుకుని తెగ మురిసిపోయాను. బహుమతి మాదేననుకున్నాను.

"బావుంది. ఆవిడకి చూపించావా?" అన్నారు మాస్టారు.

"తీసేటప్పుడే అడిగానండి."

"తీసుకోమంది సరే. ఎలా వచ్చిందో చూడొద్దా?"

మర్నాడు మార్కెట్‌కి నాతోపాటు ఆయనా వచ్చారు. మంగమ్మ చేతులు తుడుచుకుని ఫోటో అందుకుంది. కాసేపటికి ముఖం ముడుచుకుంది.

"ఇదేంటమ్మా, మొప్ప నల్లగా ఉంది? కుళ్ళిన చేపలమ్ముతున్నానని ఊరందరికీ చూపిస్తావా?"

నాకు తల కొట్టేసినట్టయింది. అయినా బయటికి రాగానే, నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని వాదించాను. "నలుపు తెలుపుల్లో అంతేనండి. ఆవిడకేం తెలుస్తుందండి?" అన్నాను.

మాస్టారు కోప్పడలేదు. "నీకు పోతే ఒక బహుమతి పోతుంది. ఆవిడకి పోతే రోజూ వచ్చే బేరం పోతుంది. నువ్వే తేల్చుకో" అన్నారు. వద్దని ఉంటే పోట్లాడేదాన్నే. తేల్చుకోమనేసరికి ఇరుక్కుపోయాను. రెండు రోజులు ఆ ప్రింటునే తిప్పి తిప్పి చూశాను. మూడో రోజు అదే ఫోటోను రంగుల్లో ప్రింటు తీయించాను. "అందరి నోట్లో మట్టి కొట్టావు" అన్నారు స్నేహితులు. అన్నట్టే అయింది. ఒక్క ఫోటో వల్ల పొందిక చెడిందని న్యాయనిర్ణేతలు తేల్చేశారు. బహుమతి ఇంకో కాలేజీకి పోయింది.

పోటీ ఫోటోల ప్రదర్శనకి మంగమ్మ ఉతికిన చీర కట్టుకుని, రోజూ తన దగ్గర కొనే ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చింది. "చూడండి, ఎంత ఎర్రగా ఉందో" అని వాళ్ళకి చూపించింది. వెనక నిలబడి మాస్టారు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, కళ్ళు మాత్రం తడిశాయి.

ఇప్పటికీ ఎవరి ఫోటో తీసినా ముందు వాళ్ళకే చూపించి, "ఉంచమంటారా అండి?" అని అడుగుతాను. కొందరు వద్దంటారు. చెరిపేస్తాను. నేను తీసినవాటిలో బహుశా అవే గొప్పవి. అవెలా ఉండేవో నేనూ ఆ మనుషులూ తప్ప ఎవరూ ఎరగరు.