వెనక గదికి లాగిన వైరు

సీతమ్మధారలో మేం అద్దెకున్న ఇంటి వెనక ఒక రేకుల గది ఉండేది. పాత సామాన్లకి వాడుకోమని ఇంటివాళ్ళు దాన్ని వదిలేశారు. మా పాపకి ఏడాది నిండేవేళకి ఆ గదిలోకి మా అక్క వెళ్ళింది. ఎవరూ వెళ్ళమనలేదు. టీబీ తిరగబెట్టిందని, ఈసారి పాత మందులు పనిచెయ్యడం లేదని డాక్టరు చెప్పిన రోజే, ఆసుపత్రి నుంచి వచ్చి ఇంట్లో అడుగు పెట్టకుండా, సందులోంచి నడిచి వెనక్కి వెళ్ళిపోయింది.

"పసిగుంట ఉన్న కొంపరా ఇది. నానిక్కడే ఉంతాను. నా కంచం, గ్లాసు ఇక్కడెట్టీండి," అంది.

అమ్మానాన్నలు పోయాక నన్ను పెంచింది అక్కే. జాకెట్లు కుట్టి చదివించింది. కంప్యూటర్ కోర్సులో చేర్పించింది. తన పెళ్ళి మాట ఎవరెత్తినా మిషను గట్టిగా తొక్కేది, ఆ చప్పుడుకి వాళ్ళే నోరు మూసుకునేవాళ్ళు. అలాంటి మనిషి పది అంగల దూరంలో పరాయిదానిలా ఉండడం నాకు మింగుడు పడలేదు.

మొదట్లో పనినుంచి రాగానే టీ గ్లాసు పట్టుకుని ఆ గది కిటికీ దగ్గర నిలబడేవాణ్ణి. అక్క లోపల గోడకానుకుని, మూతికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చునేది. గొప్ప కబుర్లేం కావు. బజార్లోకి ఏ చేప వచ్చింది, పాపకి ఎన్ని పళ్ళొచ్చాయి, అంతే. నా భార్య పాపని వంటింటి గుమ్మంలో ఎత్తుకుని చూపిస్తే, అక్క అక్కణ్ణుంచే చేతులు ఊపేది.

నా పని ఆఫీసుల్లో కంప్యూటర్లకి వైర్లు లాగడం, నెట్ ఆగిపోతే ఎక్కడ తెగిందో పట్టుకోవడం. ఇళ్ళల్లోకి ఇంటర్నెట్ అప్పుడప్పుడే వస్తున్న రోజులు. మా హాల్లో ఫోన్ లైను మీద నడిచే రౌటర్ ఒకటి ఉంది కానీ, దాని సిగ్నలు రెండు గోడలు దాటి రేకుల గదిలోకి పోయేది కాదు. రెండో రౌటర్ తెచ్చాను. ఒక ఆదివారం గోడ వెంబడి ప్లాస్టిక్ గొట్టంలో వైరు లాగి, ఆ గది కిటికీ కింద చిన్న డబ్బాలో అతుకు వేసి, లోపలికి తీసుకెళ్ళాను. రెండు రౌటర్లూ ఒకే అడ్రసుతో ఉంటే కొట్టుకు చస్తాయి. అందుకని రెండోదాని అడ్రసు మార్చి, అడ్రసులు పంచే పెత్తనం హాల్లోదానికే వదిలేశాను. ముక్కుకి గుడ్డ కట్టుకుని ఇదంతా అక్కకి విడమరిచి చెబుతూ చేశాను, మెచ్చుకుంటుందని. ఓ పాత కంప్యూటర్, కెమెరా పెట్టి, మేం హాల్లోంచి పిలవగానే దానంతటదే తెరుచుకునేలా అమర్చాను.

తెరమీద పాప కనబడగానే అక్క మూతి మీది కొంగు తీసేసింది. ఆ గదిలోకి వెళ్ళాక పాప ఆవిడ మొహం పూర్తిగా చూడడం అదే మొదలు.

"ఓలమ్మ! ఎంత దగ్గిరగుందిరా," అంది.

ఆ మాటకి మీసం మెలేశాను. ఆ మాటతోనే నేను చెడ్డాను కూడా.

ఎందుకంటే కిటికీ దగ్గరికి వెళ్ళడం మానేశాను. మానేద్దామని అనుకోలేదు, మానేశాను. పనినుంచి రాగానే హాల్లో కుర్చీలో కూలబడి తెరలోనే పలకరించేవాణ్ణి. నా భార్య భోజనం ఆ గది గుమ్మంలో పెట్టి, లోపలికొచ్చి కంప్యూటర్లో "వదినా, కంచం ఎట్టాను" అనేది. పొద్దున్నించీ సాయంత్రందాకా లైను తెరిచే ఉండేది. మేం మా పనుల్లో తిరుగుతుంటే అక్క మమ్మల్ని చూస్తూ కూర్చునేది.

ఒకసారి అంది. "ఒరే, ఈ పెట్టె లేనప్పుడే బాగుండీది. కిటికీ దగ్గిరికి వచ్చీవోడివి."

"రోజంతా కనబడతన్నాం గదక్కా, ఇంకేటి కావాలి?" అని కసిరాను.

నవ్వింది. మళ్ళీ అడగలేదు.

తెరమీద బొమ్మ మాటిమాటికీ ఆగిపోయేది. ఈ ఊరి సముద్రపు ఉప్పుగాలికి బయటున్న వైరు కొనలు ఊరికే పాడవుతాయి. ఆగిన బొమ్మలో అక్క సగం నోరు తెరిచో, కళ్ళు మూసుకునో ఉండిపోయేది. నేను వెళ్ళి అతుకు దగ్గర కొన కత్తిరించి కొత్త పిన్ను బిగిస్తే మళ్ళీ కదిలేది. పాప చప్పట్లు కొట్టేది.

ఆ పొద్దున నేను పనికి బయల్దేరుతుంటే నా భార్య హాల్లోంచి పిలిచింది.

"ఏవండీ, వదిన కదల్నేదు."

అక్క కుర్చీలో ఓ పక్కకి ఒరిగి, బల్లమీద మోచెయ్యి ఆనించి, తల వంచుకుని ఉంది. పిలిచాను. పలకలేదు.

"బొమ్మాగిపోనాది. ఉండు, సూత్తాను."

"ఓపాలి గదిలోకెళ్ళి సూడండి."

"లైను సంగతి నాకు తెల్దేటి?" అని విసుక్కున్నాను.

పనిముట్లు పట్టుకెళ్ళి కిటికీ కింద కూర్చున్నాను. కిటికీ రెక్క దగ్గరగా వేసి ఉంది. కొన కత్తిరించాను. ఎనిమిది తీగలు రంగుల వరసలో పేర్చి పిన్నులో బిగించాను. ఒకటి జారింది. గాలిని తిట్టుకుంటూ మళ్ళీ మొదలుపెట్టాను. అరగంట పట్టింది.

హాల్లోకొచ్చి మళ్ళీ పిలిస్తే తెర తెరుచుకుంది. అక్క అలాగే ఉంది. ఆవిడ వెనక గోడకున్న క్యాలెండర్ కాగితం ఫ్యాను గాలికి లేస్తోంది, పడుతోంది.

పరిగెత్తాను. కొంగంతా నెత్తురు. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. పాపని ఇంటివాళ్ళకి అప్పజెప్పి, నేనూ నా భార్యా ఆటోలో ఒళ్ళో పడుకోబెట్టుకుని తీసుకెళ్ళాం. ఎన్నో నెలల తర్వాత అక్కని ముట్టుకోవడం అదే. ఆసుపత్రి చేరేసరికి ప్రాణం లేదు.

"పడిపోయి ఎంతసేపయింది?" అని డాక్టరు అడిగారు.

"ఇప్పుడేనండి. చూడగానే తెచ్చేశాం," అన్నాను.

నా భార్య పక్కనే ఉంది. నేలకేసి చూసింది. ఇన్నేళ్ళలో ఆ అరగంట మాట ఒక్కసారీ ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేది.

కర్మ అయిన మర్నాడు ఆ వైరు పీకేద్దామని వెళ్ళాను. కిటికీ కింద మట్టిలో ఆ పొద్దున నేను కత్తిరించి పారేసిన కొన కనబడింది. తుడిచి వెలుతురులో పెట్టి చూశాను. తుప్పు లేదు. ఎనిమిది తీగలూ చివరిదాకా సరిగ్గా ఉన్నాయి. అక్క లోపల ఒరిగిపోయి ఉంటే, చెయ్యి చాపితే తెరుచుకునే కిటికీ కింద కూర్చుని, బాగున్న వైరుని నేను అరగంటసేపు బాగుచేశాను.