వ్యాను చివరి వరసలో కూర్చున్నది నేను కాదు

దెయ్యాలూ ఆత్మలూ అనే మాటలు మా ఇంట్లో నా ముందు ఎవరూ ఎత్తరు. ఎత్తితే నేను ఊరుకోనని వాళ్ళకి తెలుసు. నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయినదాన్ని. ఇవాళ్టికీ నా అభిప్రాయం మారలేదు.

అయినా ఇది రాస్తున్నానంటే కారణం మా తమ్ముడు సూరిబాబు. జరిగిన సంగతిని చుట్టాలందరికీ తనకు తోచినట్టు చెప్పుకుంటున్నాడు. అందులో సగం తప్పు. మిగతా సగంలో తప్పంతా నాదేనన్నట్టు ఉంటుంది. అందుకని జరిగింది జరిగినట్టు నేనే చెప్పాలి.

మాది అమలాపురం. ఇప్పుడు అందరం హైదరాబాదులోనే ఉంటున్నాం. తమ్ముడి షష్టిపూర్తి ఓడలరేవు వైపు సముద్రం పక్కన ఒక రిసార్టులో చేయాలనుకున్నారు. దానికి నాకేం అభ్యంతరం లేదు. అభ్యంతరమల్లా విమానాశ్రయం నుంచి అక్కడికి ఎలా వెళ్ళాలన్న దగ్గరే వచ్చింది.

కోనసీమ ఒక దీవి. చుట్టూ గోదావరి పాయలు, కింద సముద్రం. రాజమండ్రిలో విమానం దిగి, వంతెన దాటి, కొత్తపేట మీదుగా అమలాపురం వచ్చి, అక్కణ్ణుంచి మళ్ళీ సముద్రం దాకా వెళ్ళాలి. బస్సయితే మారాలి, ఆ పైన ఆటో. ఆరేళ్ళ పిల్లతో, సామానుతో అది కుదరదు. ఫోన్లో పిలిచే క్యాబు వాళ్ళు ఓడలరేవు పేరు వినగానే తిరుగు బేరం దొరకదని రద్దు చేసేస్తారు. ఇక మిగిలినవి రెండు. రిసార్టు వాళ్ళు పంపే వ్యాను, లేదా బయట మాట్లాడుకునే టాక్సీ.

తమ్ముడు వ్యాను మాట్లాడాడు. ఎవరెక్కడ కూర్చోవాలో ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. నాకూ నా మనవరాలు వేదకీ చివరి వరస ఇచ్చాడు. చక్రం మీద సీటు, పక్కన సూట్‌కేసులు.

ఇది మొదటిసారి కాదు. తమ్ముడి కూతురి పెళ్ళిలో విడిది నుంచి మండపానికి అందర్నీ కార్లలో పంపి, నన్ను వంటసామాన్ల టెంపోలో గంగాళాల మధ్య కూర్చోబెట్టారు. పట్టుచీరకి మసి అంటుకుంది. ఆ చీర ఇప్పటికీ నా బీరువాలో ఉంది, మసితో సహా.

"అదేమన్నా కావాలని చేసిందా అక్కా? ఎన్నాళ్ళని అంటావే ఆ టెంపో గురించి?" అన్నాడు తమ్ముడు ఫోన్లో.

"మరక పోయేదాకా అంటాను" అన్నాను. నేను టాక్సీలోనే వస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాతిది అర్థం కాదు. నాకు కోపం వస్తే మా వాళ్ళు నన్ను పలకరించరు. ఈ పద్ధతి పెట్టింది మా అమ్మ. "అది మూతి ముడుచుకుంది, కదపకండి. దానంతటదే దిగొస్తుంది" అనేది. అమ్మ పోయి చాలా ఏళ్ళయినా ఆ పద్ధతి మాత్రం పోలేదు. అన్నానికి కూడా పిలవరు, కంచం పెట్టి వెళ్ళిపోతారు. అలా వదిలెయ్యడం మర్యాద అని వాళ్ళ ఉద్దేశం.

అందరం ఒకే విమానంలో దిగాం. నేను వాళ్ళతో మాట్లాడలేదు, వాళ్ళూ నన్ను కదపలేదు. బయట వ్యాను ఆగి ఉంది. తమ్ముడి మనవలు పరుగెత్తుకుంటూ వెళ్ళి ఎక్కారు. వేద నా చెయ్యి గుంజడం మొదలుపెట్టింది, తనూ అందులోనే వస్తానని.

వేద మా అమ్మాయి కూతురు. అమ్మాయికి సెలవు దొరక్క పిల్లని నాతో పంపింది. పంపేటప్పుడు ఒకటికి పదిసార్లు చెప్పింది. "అమ్మా, సముద్రం దగ్గర దాని చెయ్యి వదలకు. అది నీళ్ళు చూస్తే ఆగదు."

"మీ అమ్మ నీ చెయ్యి వదలొద్దంది" అన్నాను వేదతో.

"సముద్రం దగ్గర కదా అమ్మమ్మా! ఇది రోడ్డు కదా!" అంది.

దాని ఏడుపుకి చుట్టుపక్కల వాళ్ళు చూస్తున్నారు. సరేనన్నాను. మా మరదలు పద్మ వ్యాను పక్కన నిలబడి సూట్‌కేసులు ఎక్కిస్తోంది. "వేద మీతో వస్తుంది, నేను టాక్సీలో వస్తాను. దిగగానే పిల్ల చెయ్యి పట్టుకో" అని చెప్పాను. "ఆయ్, వదినగారూ" అంది. ఆ మాట నేను నా చెవులతో విన్నాను. అసలు నేను వచ్చి చెప్పనే లేదని పద్మ ఇప్పటికీ వాదిస్తుంది. వాదించనివ్వండి.

నాకు దొరికిన టాక్సీ డ్రైవరు నిదానస్తుడు. జొన్నాడ దాటి వంతెన మీదికి రాగానే రిసార్టు వ్యాను మమ్మల్ని దాటింది. చివరి కిటికీలో వేద తల వెనకవైపు కనిపించింది. దాని పక్కన ఎవరో పెద్దావిడ కూర్చుని, రెండు చేతులూ దాని జుట్టులో పెట్టి ఉంది. ముఖం అటు తిరిగి ఉండడంతో కనిపించలేదు. పద్మ వెనక్కి వెళ్ళి కూర్చుందన్నమాట, పర్వాలేదు, బాధ్యత తెలుసు అనుకున్నాను. ఆ మాట మనసులో అనుకున్నందుకు తర్వాత నామీద నాకే కోపం వచ్చింది.

పలివెల దాటాక మా టైరు పంక్చరయింది. స్టెప్నీలో గాలి లేదు. డ్రైవరు ఎవరి బండి మీదో ఎక్కి టైరు పట్టుకుని వెళ్ళాడు. కాలవ గట్టు మీద కొబ్బరిచెట్ల కింద నిలబడి పద్మకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. తమ్ముడికి చెయ్యలేదు, మాట్లాడ్డం లేదు కాబట్టి. టైరు వచ్చేసరికి ఎండ తగ్గిపోయింది.

రిసార్టు చేరేసరికి పొద్దు వాలుతోంది. మా వాళ్ళంతా వరండాలో కొబ్బరినీళ్ళు తాగుతున్నారు. నేను టాక్సీ దిగి మెట్లెక్కుతుంటే తమ్ముడు చేతిలోని బొండం పక్కన పెట్టాడు.

"ఏంటక్కా, గేటు నుంచి వస్తున్నావు?"

"మరెక్కణ్ణుంచి రావాలి? వేద ఏదీ?"

పద్మ అంది, "మీతోనే కదండీ వదినగారూ! వ్యాను దిగగానే మీరూ పాపా బీచివైపు వెళ్ళేరు కదా."

"నేనిప్పుడే దిగాను."

తమ్ముడు నవ్వాడు. "ఇంకా అలక తీరలేదటే? దారంతా మా వెనకాలే కూర్చుని..." అంటూ ఆగిపోయాడు. నా వెనక టాక్సీ డ్రైవరు నా సూట్‌కేసు మోసుకుంటూ వస్తున్నాడు. తమ్ముడి ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారాయి.

నేను పరుగెత్తాను. నా వయసులో అలా పరుగెత్తగలనని నాకే తెలియదు. బీచివైపు చిన్న గేటు దగ్గర కాపలా మనిషి ఉన్నాడు. పాప గురించి అడిగితే, "ఇందాక పెద్దావిడ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేరండి" అన్నాడు. నన్ను తేరిపారా చూసి, "మీరే కదండీ అమ్మగారూ?" అన్నాడు.

సరుగుడు తోట దాటితే ఇసక. మనిషి జాడ లేదు. అలలు ఎత్తుగా వస్తున్నాయి. సముద్రం హోరులో నా కేక నాకే వినిపించలేదు. తమ్ముడూ పద్మా చెరో వైపు పరుగెత్తారు. నేను నీళ్ళ అంచు పట్టుకుని వెళ్ళాను.

నురుగులో పసుపురంగు చెప్పు ఒకటి కనిపించింది. అల దాన్ని తెచ్చి, మళ్ళీ తీసుకెళ్ళింది. వేదదే. విమానంలో దాని బకిలు పెట్టింది నేనే.

ఆ కాసేపు గురించి నేను రాయలేను. మా అమ్మాయి గొంతు ఒక్కటే చెవుల్లో ఉంది, చెయ్యి వదలకు అని. చెప్పు కోసం నీళ్ళలోకి దిగాను. మోకాళ్ళ దాకా వచ్చాక వెనక నుంచి ఎవరో పిలిచినట్టనిపించి తిరిగాను. ఎవరూ లేరు. కానీ అలా తిరిగితేనే గట్టు మీద బోర్లించిన పడవ కనిపించింది. దాని నీడలో వేద.

పడవకి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని, బుద్ధిగా కూర్చుని ఉంది. గౌను నడుం దాకా తడిసి ఇసక పట్టేసింది. నన్ను చూసి లేవలేదు.

"లెగొచ్చా అమ్మమ్మా?" అంది.

నేను వెళ్ళి దాని ముందు ఇసకలో చతికిలబడ్డాను.

"నువ్వొచ్చేదాకా కదలొద్దన్నావు కదా. నేను కదల్లేదు. చెప్పు పోయింది. తిట్టకు."

దాన్ని పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. తర్వాత అడిగాను, ఏం జరిగిందని. అది విసుక్కుంది. "నీకు తెలుసు కదా! నేను నీళ్ళలోకి వెళ్ళాను. పెద్ద అల వచ్చింది. నువ్వు జడ పట్టుకుని లాగేవు. నొప్పెట్టింది" అని తల తడుముకుంది.

అప్పుడు చూశాను జడ.

పొద్దున్న విమానం తొందరలో నేను దానికి రెండు పిలకలు వేసి రబ్బరుబ్యాండ్లు పెట్టాను. ఇప్పుడు ఒకటే జడ. కనుబొమలు పైకి లేచేంత బిగువుగా, నాలుగు పాయలతో అల్లిన జడ.

నాకు నాలుగు పాయల జడ రాదు. పద్మకీ రాదు. మా ఇంట్లో వచ్చింది ఒక్క మా అమ్మకే.

అమ్మ మీద నాకున్న ఫిర్యాదు కూడా అదే. పండగలకి పక్కింటి పిల్లలు వరసగా వచ్చి మా అరుగు మీద కూర్చుంటే, అందరికీ నాలుగు పాయల జడ వేసేది. నేను అడిగితే, "నీది ఎలకతోకంత జుట్టు. మూడు పాయలకే ఎక్కువ" అనేది. అందరి ముందూ అనేది. వాళ్ళు నవ్వేవారు. ఎవరెవరు నవ్వారో పేర్లతో సహా చెప్పగలను.

మర్నాడు నేను ఒక్కొక్కరినీ విడివిడిగా కూర్చోబెట్టి అడిగాను. వ్యాను కదిలాక వెనక్కి చూస్తే నేను కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నానట, పద్మ చెప్పింది. అలకలో ఉన్నానని పలకరించలేదు. తమ్ముడు రావులపాలెంలో టీ తాగుతావా అని మాత్రం అడిగాడట. నేను తల అడ్డంగా ఊపానట. ముఖం సరిగ్గా చూశావా అంటే, "కోపంలో ఉన్నప్పుడు నీ ముఖం ఎవరు చూస్తారక్కా?" అన్నాడు. తమ్ముడి మనవలు ముందు సీట్లో నిద్రపోయారు.

మా వాళ్ళ మాట నేను నమ్మక్కర్లేదు. కానీ వ్యాను డ్రైవరుకి మేమెవరమో తెలియదు. అతను అద్దంలో చూశాడు. "దారంతా జడ వేస్తూనే ఉన్నారండి ఆవిడ. అల్లడం, విప్పడం, మళ్ళీ అల్లడం. కుదిరేదాకా వదల్లేదండి" అన్నాడు. ఆవిడ నేనేనా అని అడిగాను. చాలాసేపు చూసి, "మీలాగే ఉన్నారండి. కాకపోతే మీకంటే కొంచెం పెద్దావిడేమో" అన్నాడు.

టాక్సీ డ్రైవరు నెంబరు నా దగ్గర ఉంది. పంక్చరు వేసిన షాపు అక్కడే ఉంది. ఆ సమయమంతా నేను ఎక్కడున్నానో చెప్పడానికి మనుషులున్నారు. వ్యానులో ఉన్నది నేను కాదు.

అమ్మే వచ్చింది అంటాడు తమ్ముడు. చెప్పినప్పుడల్లా కళ్ళు తుడుచుకుంటాడు. నేను ఒప్పుకోను. ఒప్పుకోవడానికి నా దగ్గర ఆధారం లేదు. కాదని చెప్పడానికీ లేదు. మా అమ్మాయికి మాత్రం పిల్ల బట్టలు తడుపుకుందని చెప్పాను, అంతే.

ఆ జడ విప్పే ముందు ఫోన్లో ఫోటో తీసుకున్నాను. అప్పుడప్పుడూ వేదని ఎదురుగా కూర్చోబెట్టుకుని, అది చూస్తూ అల్లడానికి ప్రయత్నిస్తుంటాను. దాని జుట్టు పలచన. నాలుగుగా విడదీస్తే ఒక్కో పాయ దారంలా ఉంటుంది. సగానికి వచ్చేసరికి వేళ్ళలోంచి జారిపోతుంది.

చిన్నప్పుడు నాకు దీనికి రెట్టింపు జుట్టుండేది. అప్పుడు నాకు చాలని జుట్టు ఇప్పుడు దీనికి ఎలా చాలిందో నాకు ఎవరూ చెప్పడం లేదు.