లూర్దమ్మ చెప్పిన మూడో మాట

ఇన్నయ్య నిజం చెప్పిన రోజున ఇంట్లో ఎవరూ నమ్మలేదు. అందులో ఇంటివాళ్ళ తప్పేమీ లేదు. యడ్లపాడు దాటాక పత్తి చేల మధ్య ఉన్న ఆ ఊళ్ళో ఆయన మాటకున్న పరపతి అలాంటిది.

చిలకలూరిపేటలో జిన్నింగు మిల్లులో పనిచేసిన రోజుల్లో ఒకసారి దూది గుట్టమీద కునుకు తీస్తుంటే, తనను కూడా కలిపి బేలు కట్టేశారని చెప్పేవాడు. కోయంబత్తూరులో బేలు విప్పితే తుమ్ముతూ లేచి, "ఏ ఊరండీ ఇది, కాఫీ దొరుకుద్దా?" అని అడిగాడట. చిన్నప్పుడు కాన్వెంటులో అబద్ధాలాడినందుకు సిస్టరుగారు మోకాళ్ళమీద కూర్చోబెట్టేదట. ఆ నాపరాళ్ళలో తన మోకాళ్ళ గుంటలు ఇప్పటికీ అలాగే ఉన్నాయనీ, వానాకాలం పిచ్చుకలు వాటిల్లో నీళ్ళు తాగుతాయనీ అనేవాడు. వినేవాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు. అందరికంటే ముందు ఆయన భార్య లూర్దమ్మ నవ్వేది. కథ ఎన్నోసారి విన్నా, పిచ్చుకల దగ్గరికి వచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

ఆ లూర్దమ్మ ఆగస్టులో పోయింది. అప్పటినుంచీ ఇన్నయ్య బేలు కథ ఎత్తలేదు. ఒకటి రెండుసార్లు మొదలుపెట్టి, ఎవరు ముందు నవ్వుతారా అని చుట్టూ చూసి, మధ్యలోనే బీడీ వెలిగించుకున్నాడు.

ఆ ఇంట్లో క్రిస్మస్ పొద్దుకి ఒక పద్ధతి ఉండేది. కొడుకు జోజిబాబు పుట్టిన ఏడు మొదలైంది అది. లూర్దమ్మ బాలింతగానే మిరప కోతకి వెళ్ళింది. వెళ్ళకపోతే గడవదు. ఇంటికొచ్చి పిల్లాణ్ణి ఎత్తుకుందామంటే చేతులు నిప్పులు. ఆ వేళ్ళు పసివాడి కంట్లో పడితే ఏమవుతుందోనని, పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నా ముట్టుకోకుండా గోడవార కూర్చుని తనూ ఏడ్చింది. పక్కింటి సాయిబుగారి ఇల్లాలు వచ్చి చేతులు కడిగించి, పుల్లమజ్జిగలో ముంచి, ఆముదం రాసింది. రాత్రంతా గడిచి మంట దిగాక లూర్దమ్మ బిడ్డను ఎత్తుకుంది. అది క్రిస్మస్ తెల్లవారుజాము.

అప్పటినుంచీ ప్రతి క్రిస్మస్‌కీ, ఊళ్ళో చర్చి పూజకి వెళ్ళేముందు, లూర్దమ్మ ఇంట్లోవాళ్ళందరినీ వసారాలో కూర్చోబెట్టేది. సత్తు బేసిను ముందు పెట్టుకుని ఒక్కొక్కరి చేతులు కడిగి, మజ్జిగ పోసి, ఆముదం రాసేది. ఆ తర్వాతే గడ్డి పరిచిన పాకలో బాలయేసు బొమ్మను పడుకోబెట్టాలి. కడగని చేతులు బొమ్మను ముట్టుకోకూడదు.

కడగడం లూర్దమ్మ వంతు, కథ ఇన్నయ్య వంతు. తువ్వాలు భుజాన వేసుకుని, స్తంభానికి ఆనుకుని మొదలుపెట్టేవాడు.

"ఆ రాత్రి బెత్లెహేముకి పోయింది గొర్రెలకాపర్లని ఫాదరుగారు చెప్తారు. ఆయనకేం తెలుసు, అప్పుడాయన పుట్టలేదుగా! పోయింది మన మిరపకోత కూలీలు. చేలోంచి తిన్నగా పోయారు. పిల్లాణ్ణి ఎత్తుకోబోతే మరియమ్మ పెనిమిటి జోజప్పగారు కర్ర అడ్డం పెట్టాడు. 'ఆగండమ్మా, ఆ కారం చేతులతో పసివాణ్ణి ముట్టుకుంటే ఇంకేమన్నా ఉందా!' అన్నాడు. అప్పుడు మరియమ్మతల్లి లోపల్నుంచి మజ్జిగ కుండ తెచ్చింది."

"నువ్వు చూశావా?" అనేది లూర్దమ్మ తల ఎత్తకుండా.

"చుక్కను చూసుకుంటా వచ్చిన ముగ్గురు జ్ఞానుల్లో మూడో జ్ఞాని చెప్పాడు. తిరుగు ప్రయాణంలో గుంటూరు మిరప యార్డులో రేటు కనుక్కోవడానికి ఆగాడుగా."

ఏటేటా కథ కొంచెం పెరిగేది. కడగడం మాత్రం ఎప్పుడూ ఒక్కలాగే ఉండేది.

జూలైలో లూర్దమ్మకి జబ్బు ముదిరింది. గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆస్పత్రిలో చేర్చారు. ఒక మధ్యాహ్నం జోజిబాబు కింద మందులకి వెళ్ళినప్పుడు ఆమె ఇన్నయ్య చెయ్యి పట్టుకుంది.

"పండగ పొద్దున చేతులు కడగటం మానొద్దు. ఏడాది తిరగలేదని ఆపొద్దు. ఇంకోటి..." అని ఇంకేదో చెప్పింది. అప్పుడే నర్సు వచ్చి సెలైను సీసా మార్చింది. ఇన్నయ్య కళ్ళు ఆ సీసామీద ఉన్నాయి. అలాగేలే, అలాగేలే అని తలూపాడు. ఆ మూడో మాట చెవిలో పడింది కానీ మనసులో దిగలేదు. తర్వాత ఎంత తవ్వినా పైకి రాలేదు.

డిసెంబరు వచ్చింది. వీధంతా వెదురు గడలకి నక్షత్రాలు వెలిగాయి. ఇన్నయ్య ఇంటి గడ ఖాళీగా ఉంది. నక్షత్రం అటకమీద గోనెసంచిలోనే ఉండిపోయింది.

పండగకి ముందురోజు ఇన్నయ్య అక్క ఆగ్నేశమ్మ వచ్చింది. పక్క వీధే అయినా, చావు జరిగిన ఇంట్లో ఏది చెయ్యాలో ఏది చెయ్యకూడదో చూసే పెద్దరికం ఆమెది. వసారాలో పాక కడుతున్న తమ్ముణ్ణి చూసి గుమ్మంలోనే నిలబడింది.

"ఒరే ఇన్నయ్యా, ఏందిరా ఇది? ఏడాది తిరక్కుండా పండగేందిరా? నలుగురూ ఏమనుకుంటారు?"

"పండగ కాదక్కా. కొత్త బట్టల్లేవు, అరిసెల్లేవు. చేతులు కడిగి బొమ్మను పెట్టటమే. లూర్దూ చెప్పింది. ఏడాది తిరగలేదని ఆపొద్దంది."

"ఎవరికి చెప్పింది?"

"నాకు. ఆస్పత్రిలో."

"ఎవరన్నా విన్నారా?" అంది ఆగ్నేశమ్మ.

మిల్లులో పత్తి బస్తాలు దించి అప్పుడే వచ్చిన జోజిబాబు తన ట్రాలీ ఆటో పక్కనే ఆగిపోయాడు. అతని జుట్టు నిండా దూది పింజలు.

"నాన్నా, మూడో జ్ఞానిని ఎక్కడికైనా తిప్పు. మిల్లు బేల్లో పడుకో, ఎవరొద్దన్నారు? అమ్మని మాత్రం కథల్లోకి లాక్కురాకు."

"కథ కాదురా."

"ఇట్టాగే అంటావు నువ్వు, ప్రతిసారీ."

నిజమే. ప్రతి కథకి ముందూ "కథ కాదు, వినండి" అనడం ఇన్నయ్య అలవాటు. ఇప్పుడు చెప్పడానికి వేరే మాట దొరకలేదు. ఒట్టు పెట్టుకుందామంటే ఒట్లు కూడా ఎప్పుడో వాడేశాడు. జోజిబాబు లోపలికి వెళ్ళిపోయాడు. కోడలు స్టెల్లా కోల్డు స్టోరేజీలో మిరపకాయల తొడిమెలు తీసి వచ్చి, రెండు చేతులూ గాలికి చాపుకుని అరుగుమీద కూర్చుని ఉంది. మామగారి వైపు చూడలేదు.

సాయంత్రం ఇన్నయ్య గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్ళాడు. ఆనాడు మజ్జిగ తెచ్చిన ఇల్లాలి కూతురు షాజాదీ గేదె దగ్గర ఉంది.

"పుల్లమజ్జిగ పోసిపెట్టు షాజాదీ. రేపు పొద్దున కడగాలి."

"నువ్వు కడుగుతావా అన్నా? నీకు చేతనవుద్దా?"

"ఇన్నేళ్ళు పక్కన నిలబడి చూడలేదా?"

"చూశావు. నోరు ఆడిస్తా చూశావు," అని గిన్నె నిండా పోసింది షాజాదీ. "వదిన ఉంటే మూత కూడా అడిగేది. ఇదిగో, పట్టుకుపో."

తెల్లవారుజామున మంచు దట్టంగా పట్టింది. వసారాలోంచి ఎదురింటి నక్షత్రం ఎర్రటి మరకలాగా కనిపిస్తోంది. ఇన్నయ్య అందరికంటే ముందు లేచాడు. చలికి ఆయన చేతులే కొంకర్లు పోతున్నాయి. కొడుకుకీ కోడలికీ చల్లగా తగులుతాయని పొయ్యి వెలిగించి నీళ్ళు కాచాడు. సత్తు బేసిను తోమాడు. మజ్జిగ, ఆముదం వరసగా పెట్టాడు. బాలయేసు బొమ్మను పెట్టెలోంచి తీయబోయి, చేతులు ఇంకా కడగలేదని గుర్తొచ్చి గుడ్డతో పట్టుకుని తీశాడు. బొమ్మ ముక్కు కొస ఎప్పుడో విరిగింది. దానికీ ఒక కథ చెప్పేవాడు. ఇప్పుడది గుర్తు చేసుకోవాలనిపించలేదు. బేసిను ముందు కూర్చున్నాడు.

జోజిబాబు లేచి, తండ్రిని చూసీ చూడనట్టు దాటుకుంటూ వెళ్ళి, వీధిలో ఆటో తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నాడు.

ఇన్నయ్య కూర్చునే ఉన్నాడు. నీళ్ళమీద ఆవిరి లేస్తోంది. లోపల గిన్నెల చప్పుడు ఆగింది. ఎవరూ రారేమో అనుకున్నాడు. ఈ పొద్దు తప్పిపోతే వచ్చే ఏడు నక్షత్రం కడతారు, అరిసెలు వండుతారు, అన్నీ చేస్తారు. ఈ బేసిను మాత్రం మళ్ళీ ఎవరూ ముందు పెట్టుకోరు. అప్పుడు లూర్దమ్మ రెండోసారి పోయినట్టే.

స్టెల్లా వచ్చి పీట లాక్కుంది.

"మిమ్మల్ని ఇట్టా కూర్చోబెట్టి పూజకి పోలేను మామయ్యా. కానీండి," అని చేతులు చాపింది. వారమంతా తొడిమెలు తీసిన చేతులు. వేళ్ళ కొసలు ఉబ్బి, గోళ్ళ పక్కన చర్మం లేచి ఉంది.

ఇన్నయ్య గొంతు సవరించుకున్నాడు. "ఆ రాత్రి బెత్లెహేముకి పోయింది..." అంటూ చెంబుతో నీళ్ళు పోశాడు.

స్టెల్లా కెవ్వున అరిచింది. చేతులు వెనక్కి లాక్కుని లేచి, బేసినుకి కాలు తగిలి, గుమ్మం దాకా పరిగెత్తింది. "అమ్మా, మంట! మంట!" అంటూ చేతులు గాల్లో ఊపుతోంది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు లేవు.

జోజిబాబు తడిగుడ్డతోనే వచ్చాడు. నీళ్ళలో వేలు పెట్టి చూశాడు.

"కాచావా? కారం చేతుల మీద వేన్నీళ్ళు పోస్తారా ఎవరన్నా? రంధ్రాలన్నీ తెరుచుకుని లోపలికి పోదూ కారం? ఇన్నేళ్ళనుంచి చూస్తా ఉండి ఇది కూడా తెలీదా నీకు? ఇక చాలా నాన్నా? అయిందా నీ పండగ?"

ఇన్నయ్య చెంబు వంక చూస్తున్నాడు. ఆస్పత్రి గది, సెలైను సీసా, తన వేళ్ళమీద ఆమె వేళ్ళు. ఇప్పుడు వినిపించింది.

"నీళ్ళు కాచొద్దంది," అన్నాడు మెల్లిగా. "అదే మూడో మాట. 'చలికాలమని నీళ్ళు కాస్తావేమో, కాచొద్దు' అంది. మర్చిపోయాన్రా. చెప్పింది, నేనే మర్చిపోయాను."

స్టెల్లా చేతులు ఊపడం ఆపింది.

"అత్తయ్య నిజంగానే చెప్పింది," అంది భర్తతో.

"నీకెట్టా తెలుసు?"

"మీ నాన్న కథల్లో ఎప్పుడన్నా ఆయన ఏదన్నా మర్చిపోయాడా? ఎప్పుడన్నా పొరపాటు పడ్డాడా? దూది బేల్లో కట్టేసినా తెలివిగానే లేచాడుగా!"

జోజిబాబు తండ్రి ముఖంలోకి చూశాడు. తర్వాత బేసిను ఎత్తి వేన్నీళ్ళు వీధిలోకి పారబోసి, కుండలో నీళ్ళు ముంచుకొచ్చి ముందు పెట్టాడు. మెట్టుమీద కూలబడి, తలకి చుట్టుకున్న తువ్వాలు ముఖంమీదికి లాక్కున్నాడు. అమ్మ పోయిన రోజు కన్నీళ్ళు పెట్టకుండా అన్ని పనులూ తనే చూసుకున్నవాడు, ఆ తువ్వాలు కింద ఇప్పుడు భుజాలు కదిలేలా ఏడ్చాడు.

ఇన్నయ్య కోడలి చేతులు చల్లనీళ్ళలో ఉంచాడు. మజ్జిగ పోశాడు. వేలూ వేలూ విడదీసి ఆముదం రాశాడు. కథ చెప్పలేదు. కొడుకు చేతులూ కడిగాడు. దూది గింజల నలుసులు ఆ గోళ్ళలో ఎంత లోతుగా ఉంటాయో, పుట్టినప్పటినుంచీ చూస్తున్న చేతులే అయినా ఇన్నయ్యకి అప్పుడే తెలిసింది.

మంట తగ్గాక స్టెల్లా బొమ్మను గడ్డిలో పడుకోబెట్టింది. ముగ్గురూ కాసేపు పాక ముందు కూర్చున్నారు. ఎవరూ పాట ఎత్తుకోలేదు. అది ఎత్తేది కూడా లూర్దమ్మే.

"మామయ్యా," అంది స్టెల్లా. "మా అందరివీ అత్తయ్య కడిగేది. మరి ఆమె చేతులు ఎవరు కడిగేవాళ్ళు?"

లూర్దమ్మ చివరిదాకా కోతకి వెళ్ళిన మనిషి. ఆ చేతులు ఎప్పుడు ఆరాయో, ఎక్కడ తుడుచుకుందో ఇన్నయ్య జ్ఞాపకాల్లో వెతికాడు. తువ్వాలు భుజాన వేసుకుని స్తంభానికి ఆనుకున్న మనిషి ఒక్కడే కనిపించాడు.

"నేనే," అన్నాడు. "మీరు ముందే పూజకి పోయేవాళ్ళుగా. వెనకాల నేను కడిగేవాణ్ణి. ముందు ఎడమ చెయ్యి ఇచ్చేది. సిగ్గు ఆమెకి."

"నాకు తెలియనే తెలియదు నాన్నా," అన్నాడు జోజిబాబు తువ్వాలు తీసి. స్టెల్లా కళ్ళు నిండాయి. ఇద్దరూ నమ్మారు. ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు.

గుడి గంట మోగింది. ఫాదరుగారి బండి ఊళ్ళోకి వచ్చినట్టుంది. ఇద్దరూ బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్ళారు.

"మీరూ లేవండి మామయ్యా, ఆలస్యమవుద్ది," అని లోపల్నుంచి స్టెల్లా పిలిచింది.

ఇన్నయ్య లేవలేదు. ఆయన అరచేతిలో ఇంకొకరికి సరిపడా ఆముదం మిగిలి ఉంది. వేళ్ళ సందుల్లోంచి జారిపోకుండా చేతిని గుంటలా పట్టుకుని, ఎదురుగా ఖాళీగా ఉన్న పీట వైపు చూస్తూ కూర్చున్నాడు.