సబ్‌మెరైన్లను పట్టిన హెడ్‌ఫోన్లు

దయ్యాలను నేను నమ్మ. ఏడో తరగతిల బడి ఎగ్గొట్టి బొందలగడ్డల, సమాధుల నడుమ, పేకాడేటోన్ని. అక్కడ నన్ను పట్టుకున్నది మా సారే, దయ్యం కాదు. ఇది చదివి మీరు నవ్వినా నాకేం బాధ లేదు.

గల్ఫ్‌కొచ్చి మిష్రిఫ్‌ల ఒక విల్లాల పనిచేస్త. మా కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చిన యజమానిని, బాబా అంటం, ఆయన భార్యను మామా అంటం. బాబాకు పాత యుద్ధం సామాన్లంటే పిచ్చి. ఒక గది నిండ అవే. అందుల ఒక జత నల్లటి హెడ్‌ఫోన్లున్నయి. పెద్ద యుద్ధంల సబ్‌మెరైన్లు నీళ్లకింద దాక్కొని సరుకు ఓడలను ముంచుతుండెనట. ఇట్లాంటి హెడ్‌ఫోన్లు తగిలించి నీళ్లకింది సప్పుడు వినే మిషన్లు మంచిగైనంక కథ తిరగబడ్డదట. వేటాడేటోడే ఉరుకుడు మొదలుపెట్టిండట. వచ్చిన ప్రతి చుట్టానికి బాబా ఇదే చెప్తడు. నాకు కంఠతా వచ్చింది.

పోయిన ఎండాకాలం, పొద్దున పదింటికి, మా ఊరి గంగారాం బావ పెరట్ల భూమిలోపలి నీళ్లట్యాంకు కడుగ దిగిండు. మూత దగ్గర నేనుండాలె. ఇంతల మామా పిలిచి ఆ గది దుమ్ము దులపమన్నది.

"బావా, పోయొస్త. లోపల నిద్రపోకు."

"జీతం తీసుకొని నిద్రపోవుడు నీ పని. నడువ్!"

దులుపుకుంట హెడ్‌ఫోన్లు నెత్తికి పెట్టుకొని అద్దంల చూసుకున్న. అచ్చం కెప్టెన్‌నే. వైరు జానెడే ఉంది, కొస తెగింది, దేనికీ తగిలించి లేదు.

ఠక్. ఠక్. ఠక్.

ఇనుము మీద ఇనుముతోని కొట్టినట్టు. వెనక నీళ్లు పారుతున్న సప్పుడు. తీస్తే ఏం లేదు. పెడితే మళ్ల ఠక్. మూడోసారి పెట్టేసరికి కొట్టుడు మెల్లగైంది. అప్పుడు బావ యాదికొచ్చిండు.

ఉరికిన. పిలిస్తే పలుకు లేదు. తొంగి చూస్తే నాచుకు జారి, గోడకు తల తగిలి, ఒక పక్కకు పడి ఉన్నడు. చేతుల నుంచి జారిన పైపు పారుతనే ఉంది. నీళ్లు ముక్కు దగ్గరికొచ్చినయి. డ్రైవర్‌ను కేకేసి, ఇద్దరం కలిసి పైకి గుంజినం.

తలకు మూడు కుట్లు పడ్డయి. దవాఖానల నేనన్న, "మంచిగ కొట్టినవ్ బావా, లేకుంటే ఖలాస్."

"నేనెక్కడ కొట్టిన? జారింది తెలుసు. కండ్లు తెరిస్తే నీ మొఖం. యముడనుకున్న."

తిరిగొచ్చినంక ట్యాంకు లోపల చూసిన. కర్ర నిచ్చెన, రబ్బరు పైపు, ప్లాస్టిక్ బ్రష్షు. ఇనుము ముక్క లేదు.

ఆ సప్పుడు ఎవరు చేసిండ్రో ఇప్పటికీ తెలువది. బడి మానేసినోన్ని, నాకు తెలువకపోవుడు వింత కాదు. సదువుకున్న బాబాకు కూడ తెలువది. ఆయన పెట్టుకుంటే ఏం వినపడలే. మళ్ల నేను పెట్టుకున్నా ఏం లేదు.

బావకిస్తే మాత్రం ముట్టలే.

"వద్దురా. లోపల ఇంకెవడన్న కొడుతుంటే, దిగాల్సింది నేనే."