ముందే చెక్కిన మొక్కు

మా రోమన్ కోట గోడ పక్క వీధిలో రాళ్లు చెక్కే మటుగెనస్‌కి ఒక్కచోట నిలకడగా ఉండటం చేతకాదు. చేతిలో ఉలి లేకపోతే వేళ్లు బల్లను వాయిస్తూనే ఉండేవి. నేను బీరు అమ్మే మా ఇంటికి తాగడానికి వచ్చినా గుమ్మానికీ పొయ్యికీ మధ్య తిరుగుతూనే తాగేవాడు. "కాలుగాలిన పిల్లి నయమయ్యా!" అని నేను ఎన్నిసార్లు కసిరానో.

సిపాయిలు మిత్రాస్ దేవుడికి మొక్కుకుని, కోరిక తీరాక రాతి బలిపీఠం చేయించి వాగు పక్క గుహగుడిలో నిలబెడతారు. మా ఆడవాళ్లను లోపలికి రానివ్వరు. పూజల మాటేమో గాని, బయట పారేసే కోడి ఎముకలు చూస్తే భోజనాలకు మాత్రం లోటు లేదని తెలుస్తుంది. ఏ పీఠం మీదైనా చివరి వరుస ఒకటే: మనస్ఫూర్తిగా మొక్కు తీర్చుకున్నాడు. అందుకే మటుగెనస్ చలికాలంలో పీఠాల మీద ఆ వరుస ముందే చెక్కి ఉంచుకునేవాడు. పైన మొక్కుకున్నవాడి పేరు తర్వాత వేసేవాడు.

ఆయన కొడుకు కునోవిందస్ గస్తీ దళంతో సరిహద్దు గోడ దాటి ఉత్తరానికి వెళ్లాడు. రావలసిన నాటికి దళం రాలేదు. కొడుకు క్షేమంగా వస్తే పీఠం పెడతానని మటుగెనస్ మొక్కుకున్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. చేతులు ఊరుకోక, సిద్ధంగా ఉన్న పీఠం ఒకటి లాగి తన పేరు చెక్కేశాడు.

భార్య వెర్కా చూసి మండిపడింది. "ఏమయ్యా, బిడ్డ ఇల్లు చేరనే లేదు, మొక్కు తీరిందని రాసేశావా? అదీ మాట తప్పితే ఊరుకోని దేవుడికి!"

"వచ్చేస్తాడే. వచ్చేసరికి సిద్ధంగా ఉంటుందనీ..."

ఆ తర్వాత ఆయనకు తిండి సహించలేదు. పీఠం మీద గోనె కప్పేవాడు, తీసేవాడు, ఉత్తర ద్వారం దగ్గరకు పరుగెత్తేవాడు. "ఏం బాబాయ్, మా కాపలా కూడా నువ్వే కాసేస్తావా?" అని సిపాయిలు నవ్వేవారు.

వానలో దళం తిరిగొచ్చింది. కునోవిందస్ లేడు. ఏరు దాటుతుంటే శత్రువుల బల్లెం దిగిందనీ, ప్రవాహం లాక్కుపోయిందనీ వాడి స్నేహితుడు చెప్పాడు.

వెర్కా ఏడవలేదు. తిన్నగా రాళ్లు చెక్కే కొట్టంలోకి వెళ్లి, సుత్తీ ఉలీ తీసుకుని, ఉలిని పీఠం మీది ఆ చివరి వరుసకు ఆనించింది. మటుగెనస్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దే. చెరిపేస్తే వాడిక రాడని మనమే ఒప్పుకున్నట్టు."

"ఉంచితే వస్తాడా? వస్తాడని చెప్పు, ఉంచేస్తా."

ఆయన చెయ్యి వదిలేశాడు. ఎన్నడూ ఉలి పట్టని మనిషి కొడుతుంటే దెబ్బదెబ్బకీ రాయి ఊగింది. వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డ నాకు ఏడుపు ఆగలేదు. కాసేపటికి మటుగెనస్ మోకాళ్ల మీద కూర్చుని, ఆమె కొట్టడం అయ్యేదాకా ఆ రాయిని కదలకుండా పట్టుకున్నాడు.